లేని ఊరి కక్షిదారు

ట్రోమ్సోలో సూర్యుడు సెలవు మీద వెళ్ళి మూడు వారాలు.
మధ్యాహ్నం రెండింటి చీకట్లో
ఉన్ని మేజోళ్ళు తడుముకుని తొడుక్కుని
కంప్యూటర్ ముందు కూర్చుంటాను.
ముప్పై ఏళ్ళు కాడ్ చేపల పొట్టలు చీల్చిన చేతులు,
ఒక వేలు తక్కువ,
ఇప్పుడు లా కాలేజీకి
గంటకింతని అబద్ధాలు టైపు చేస్తాయి.

తెర మీద ఒక ఊరుంది, స్కార్‌విక్.
బ్యాంకుంది, రిజిస్ట్రారు ఆఫీసుంది,
రేవులో ఏడు పడవలున్నాయి.
చేపల వాసన లేదు.
ఆ ఊళ్ళో నా పేరు హాల్దిస్.
నా సంతకం గిలికి తమ్ముడు నాన్న పడవ అమ్మేశాడు.
నాకసలు తమ్ముళ్ళే లేరు.
మూడో కాగితం సంగతి
అడిగితేనే చెప్పాలట, నాకిచ్చిన పాఠంలో ఉంది.

నలుగురేసి పిల్లలు ఒక్కో లాయరు కంపెనీ.
మొదటి జట్టు సెక్షన్లు కురిపించింది.
గొడుగు లేని ముసలిదాన్ని, తడిశాను.
రెండో జట్టు "మీ బాధ అర్థమైంది" అంది
నేనింకా బాధ చెప్పకముందే.
మారెట్ అని, రెయిన్‌డీర్లు కాసే ఇంటి పిల్ల,
చాలాసేపు ఏమీ అడగలేదు.
తర్వాత, "ఆ పడవ పేరేమిటి?" అంది.
పాఠంలో పేరు లేదు.
తడబడి మా అమ్మ పేరు చెప్పాను.

ఆ మారెట్ జట్టే గడువు దాటించింది.
రెండంటే రెండు రోజులు.
అప్పీలు పోయింది, పడవా పోయింది.

నా వేలు తెగిన ఏడు
నా వకీలూ తేదీ మరిచాడు.
మూడేళ్ళు కాళ్ళరిగేలా తిప్పుకుని
"నడుస్తోందమ్మా, నడుస్తోంది" అన్నాడు.
ఏం నడిచిందో, ఎక్కడికి నడిచిందో.

తెర మీద మారెట్ ముఖం ఎర్రబడి ఉంది.
"తప్పు నాది. తేదీ నేనే చూసుకోవాలి, చూడలేదు.
మీరు ఇంకో లాయర్ని పెట్టుకోవచ్చు,
నా మీద ఫిర్యాదూ చెయ్యొచ్చు.
ఎక్కడ చెయ్యాలో రాసిస్తాను."

ఇక్కడ కోప్పడాలి అని ఉంది పాఠంలో.
వేళ్ళు కదల్లేదు.
ఎప్పటికో, "పడవ పేరు గుర్తుందా?" అని కొట్టాను.
"ఇంగెబ్యోర్గ్" అంది.
బయట ఎవరో పారతో మంచు గీకుతున్నారు.

మార్కుల కాగితంలో పది గళ్ళు.
గడువు గడిలో సున్నా వేశాను.
వెయ్యకపోతే ఆ పిల్లకే ద్రోహం.
పదకొండో గడి కోసం కాగితం వెనక్కి తిప్పి చూశాను.
తెల్లగా ఉంది.

కంప్యూటర్ ఆపాను.
వేలు లేని చోట
ఒకటే దురద.