బిందె నిండే చప్పుడు

పెంచలయ్య నాకు మొదటి పాఠం
జమిడిక మీద చెప్పలేదు.
వ్యాసర్పాడిలో మా వీధి మొదట్లో
నీళ్ల లారీ ఆగినప్పుడు
నన్ను వరస పక్కన నిలబెట్టి
కళ్లు మూసుకోమన్నాడు.

"అడుగున నీళ్లు పడేటప్పుడు బిందె బొబ్బరిస్తాది.
సగానికొస్తే మాట మారుస్తాది.
మెడ కాడికొచ్చినాక విను మే,
నవ్వు ఆపుకుంటున్న పిల్ల మాదిరి సన్నంగా పోతాది.
తీగ లాగడమంటే అంతే.
తతిమ్మాదంతా చంకనొప్పి."

నాకప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు.
ఇరవై ఏళ్లుగా ఆ వరసలోనే బిందె పట్టిన దాన్ని.
నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూశానే గాని
ఏమంటున్నాయో వినలేదు.

చెత్తబండి తోసి తోసి రిటైరైన మనిషి ఆయన.
తాతల నాటి ఇత్తడి గుల్ల, ఒక పక్క మేకతోలు.
నరం తెగిపోయి ఎన్నాళ్లయిందో,
కాసిమేడులో వలలకు వాడే నైలాన్ దారం కట్టుకున్నాడు.
"వంజరం చేపను లాగిన దారం
అంకమ్మ కథను లాగలేదా?" అనేవాడు.

ఐప్పసి వానలకు తోలు మెత్తబడి
జలుబు చేసిన ముసలిదానిలా మూలిగేది.
గ్యాసు సన్నంగా పెట్టి
అప్పడం కాల్చినట్టు తిప్పేదాన్ని.
ఒకసారి నిజంగానే మాడ్చాను.
తిట్టలేదు.
పులియాంతోపు కబేళా దాకా నడిపించి
తోలు ఎంచడం నేర్పాడు:
ఈనని మేకది, ముల్లు గీరనిది,
దీపానికి అడ్డం పెడితే మన వేళ్లు కనపడేది.

ఇంట్లో వాయించడానికి లేదు.
రాత్రి కాపలా చేసొచ్చిన మొగుడు పగలు పడుకుంటాడు.
బేసిన్ బ్రిడ్జి కిందికి పోయేదాన్ని.
గుమ్మిడిపూండి బండి పోతుంటే గట్టిగా,
పోయాక నాకు మాత్రమే వినపడేంత.
ఇప్పటికీ పదకొండు దెబ్బల తర్వాత
నా చెయ్యి ఒక రవ్వ తడబడుద్ది.
అది మా సంప్రదాయమని రాసుకుని పోయారు ఎవరో.
సంప్రదాయం కాదు.
పట్టాల అతుకు.

ఆడి నెలలో అంబలి పోసే రాత్రి
కథ నడుమ ఆయన ఎడమ చెయ్యి జారిపోయింది.
గొంతు మాత్రం ఆగలేదు.
పక్కన ఎవరూ లేక జమిడిక నా చంకలోకొచ్చింది.
ఆడమనిషేందని గొణిగినోళ్లు గొణిగారు.
కథ అంకమ్మదే కదా అని ఎవరో అన్నారు.
తెల్లారేదాకా లాగాను.
జాకెట్టు చిరిగి రక్తం అంటింది.

మాట పూర్తిగా పోయాక
మంచం పక్కన కూచుని వాయించేదాన్ని.
తప్పితే బొటనవేలు కదిలించేవాడు.
ఒప్పయితే ఏమీ లేదు.
ఆ ఏమీ లేకపోవడం కోసం
ఎన్ని మధ్యాహ్నాలు పోయాయో.

ఇప్పుడు శనివారాలు వేలచ్చేరి పోతాను.
తొమ్మిదో అంతస్తు. సాహితి అనే పిల్ల.
మొదటి రోజే "ఇది ఏ శ్రుతి ఆంటీ?" అంది.
తెలియదన్నాను.
ఫోను పక్కన పెట్టి ఏదో పేరు చెప్పింది.
పెంచలయ్య వింటే
ఆ పేరు గలోళ్లు ఏ ఊరోళ్లని అడిగుండేవాడు.

పిల్ల వేళ్లు చురుకు. చంకలోనే బిగువు లేదు.
మూడు వారాలైనా తీగ పలికేది,
కానీ ఎక్కేది కాదు.
నీళ్ల లారీ ఎప్పుడైనా విన్నావా అంటే
మా నీళ్లు పైనుంచొస్తాయి అంది.

వంటింట్లో వెతికి
దేవుడి దగ్గరున్న ఇత్తడి బిందె తెచ్చి
కుళాయి కింద పెట్టి కళ్లు మూయించాను.
బొబ్బరించింది. మాట మార్చింది.
సగానికొచ్చేసరికి వాళ్లమ్మ పరుగున వచ్చి
"అయ్యో, నీళ్లు!" అని కట్టేసింది.

వంటిల్లంతా నిశ్శబ్దం.
పిల్ల కళ్లు తెరవలేదు.
ఆగిన చోటునుంచి నోటితో ఎత్తుకుంది,
సన్నంగా, ఇంకా సన్నంగా,
మెడ దాటి, అంచు దాటి.

పొర్లిపోయింది.
నా బొటనవేలు కదలబోయింది.
పిడికిట్లో పెట్టుకున్నాను.