నన్నడగకుండా లేచిన వేలు

మొదటి రోజు ఐలీ నా తల కొలిచింది,
దర్జీ టేపుతో.
చెవి నుంచి చెవికి, ముక్కు మొదలు నుంచి మెడ గుంట దాకా.
"పెద్ద తలే మీది" అంది.
ఉన్న తెలివంతా సీసాలు దాచడానికే సరిపోయిందని
నేను చెప్పలేదు.
బట్టలుతికే లిక్విడ్ డబ్బాలో వైట్ వైన్,
పదకొండేళ్లు.
ఒక్క చొక్కాకీ వాసన అంటలేదు.

కాయిల్ ఆనించింది. ఎనిమిది అంకె ఆకారం,
దోసె పెనమంత బరువు.
టక్.
నా కుడిచేతి బొటనవేలు లేచింది.
నన్నడగలేదు.
టక్. మళ్లీ లేచింది.
ఐలీ కాగితం మీద ఏదో అంకె వేసుకుంది.
నాకు ఏడుపొచ్చింది.
ఈ వేలు ఇంతకు ముందూ నన్నడక్కుండానే
మూతలు తిప్పేది.
అప్పుడు మాత్రం అందరూ దాన్ని నా బుద్ధి అన్నారు.

ఆ తర్వాత ఆరు వారాలు
నుదుటి ఎడమపక్క వడ్రంగి పిట్ట.
కిటికీ అవతల డండీ వాన, టే నది,
పోటు తీశాక బయటపడే బురద,
మూడూ ఒకే బూడిదరంగు.
పిట్ట ఆగాక తెర ముందు కూర్చోబెట్టేవాళ్లు,
జుట్టు నిండా జిగురు, తీగలు.
తెర మీద పసుపు పడవ.
మెదడు నెమ్మదిస్తే కదులుతుంది.
కదులు, కదులు అన్నానా, ఆగిపోయేది.
మందుల షాపులో ఇరవై ఏళ్లు
మిల్లీగ్రాము తేడా రానివ్వని దాన్ని,
బొమ్మ పడవ నా మాట వినదే!
ఒకనాడు, పొద్దున బియ్యం నానబోశానా లేదా అని
ఆలోచనలో పడ్డాను.
తలెత్తేసరికి అది గట్టు చేరిపోయింది.

నా తర్వాతి వంతు మర్డోది.
వాళ్లమ్మ జనపనార మిల్లులో చెవులు పోగొట్టుకుందట.
మాదీ జనపనార ఊరే, నెల్లిమర్ల, అన్నాను.
"అయితే దాహం నారలోనే ఉందేమో" అన్నాడు.
నవ్వితే తీగలు ఊడాయి, ఐలీ కసిరింది.
నాలుగో వారం అతను రాలేదు.
ఐదో వారమూ.
ఒకసారి ఫోనెత్తాడు. అటుపక్క గ్లాసు చప్పుడు.
ఇద్దరం వినబడనట్టే వాన గురించి మాట్లాడుకున్నాం,
చాలాసేపు.

ఇదంతా పరీక్షేనని ముందే సంతకం పెట్టించుకున్నారు.
సగం మందికి నిజం కాయిల్,
సగం మందికి చప్పుడు మాత్రమే చేసేది.
ఎవరికేదో ఐలీకీ తెలీదు.
మొదటి రోజు వేలు లేపింది మాత్రం
అందరికీ నిజందే.

నిన్న ఉత్తరం వచ్చింది.
నేను ముట్టుకోక తొంభై నాలుగు రోజులు.
నా పిట్ట పిట్టో, ఉత్త చప్పుడో
అందులో రాసి ఉంటుంది.
విప్పలేదు. కందిపప్పు డబ్బా కింద పెట్టాను.

సూపర్‌మార్కెట్‌లో ఆ వరస దగ్గరికొస్తే
ఇంకా బొటనవేలి వంకే చూస్తాను.
కొన్నిసార్లు వణుకుతుంది.
దాన్ని కోటు జేబులోకి తోసి,
బియ్యం నానబోశానా లేదా,
బియ్యం నానబోశానా లేదా అనుకుంటూ
పాల దగ్గరికి నడుస్తాను.