కుడివైపు పైమూల

ముప్పై రెండేళ్లు షిప్‌యార్డులో
వెల్డింగ్ అతుకుల ఎక్స్‌రేలు చూసిన కళ్లు ఇవి.
వెంట్రుకంత పగులున్నా
ఓడని నీళ్లలోకి దిగనిచ్చేవాణ్ణి కాదు.

ఇప్పుడు మల్కాపురంలో, మేడమీది గదిలో,
ఎవరెవరో తీసి పంపిన సామాన్ల ఫొటోలు చూస్తున్నాను.
నెట్లో విజ్ఞాన సర్వస్వం,
ఒక్కో వస్తువుకీ ఒక్కో మంచి బొమ్మ కావాలట.
జీతం లేదు. కుర్చీ నాదే, కరెంటూ నాదే.
ఉంచాలా, తీసెయ్యాలా, ఎందుకు,
అది మాత్రం రాయాలి.

పోయిన వారం పంపు స్టవ్వు వచ్చింది.
పంపినవాడు బొట్ట ఈశ్వర్రావు,
పూర్ణా మార్కెట్లో పాత ఇత్తడి కొట్టు.
మొదటిసారి, స్టవ్వు పొట్టలో
వాడే కనిపించాడు. బనియనూ, ఫోనూ,
వెనకాల దండెం మీద తువ్వాలూ.
"వస్తువులో మనిషి ఉండకూడదు" అని రాశాను.

రెండోసారి మనిషి లేడు.
హార్బర్లో చేపలు నింపే థర్మాకోల్ పెట్టె కోసి
రెండు పక్కలా నిలబెట్టాట్ట, వెలుగు కోసం.
"వాసన ఫొటోలో రాదు కదండీ" అని కింద ఒక ముక్క.
నవ్వొచ్చింది. అయినా పెద్దది చేసి చూస్తే
కుడివైపు పైమూల, తెల్లగుడ్డ మీద
ఆవగింజంత నల్లమచ్చ.

గుడ్డ మార్చాడు. మచ్చ ఉంది.
గోడ మార్చాడు, పూట మార్చాడు,
ఎవరిదో మంచి కెమెరా అడిగి తెచ్చాడు.
మచ్చ ఉంది.
"ఎక్కడండీ? నాకు కనపడ్డం లేదు" అన్నాడు.
"చూడ్డం నేర్చుకో బాబూ" అన్నాను.

ఇవాళ పొద్దున్న గాలి తిరిగింది,
పోర్టులో బొగ్గు గుట్టల మీంచి.
మా ఆవిడ కిటికీ మూస్తూ మూస్తూ
నా తెర మీద వేలుతో ఒక్కసారి రాసింది.
వేలు నల్లన.
స్టవ్వు వెనక గుడ్డ
ఎక్కడా ఏమీ లేకుండా, తెల్లగా.

పనిలో చేరిన రోజు
ఫోర్మన్ అప్పలాచారి ఫిల్ము చేతికిచ్చి అడిగాడు:
"మచ్చ అతుకులో ఉందా, ఫిల్ము మీద ఉందా?"
ఆ తర్వాత ఎంతమంది కుర్రాళ్లని
నేనూ అదే అడిగానో.

వెనక్కి వెళ్లి ఒక్కొక్కటీ తెరిచాను.
బుడ్డి దీపం. కత్తిపీట. మూత పోయిన ఇంకు సీసా.
ఎవరో పిల్ల, పెన్సిలు చెక్కే మర
అరచేతిలో పెట్టుకుని తీసింది.
అన్నిటి కిందా నా మాటే,
"కుడివైపు పైమూల, మచ్చ."
పదకొండు.

ఈశ్వర్రావుకి రాద్దామని కూర్చున్నాను.
"మచ్చ" అని కొట్టి ఆగిపోయాను.
ఎంతసేపు ఆగానో, తెర ఆరిపోయింది.
అందులో కళ్లజోడు పెట్టుకుని ఎవడో,
బనియనూ, వెనకాల దండెం మీద తువ్వాలూ.

ఏం చెయ్యాలో తోచక
బనియను అంచుతో
మళ్లీ తుడిచాను.