మిగిలిన ఎనిమిదిమంది

ఎల్‌పాసోలో రాత్రి పదకొండు.
లాండ్రీలో తిరుగుతున్న డ్రయ్యర్ మీద
మూడు కాలేజీల కాగితాలు పరిచింది యెసేనియా.
వేడికి అంచులు లేస్తున్నాయి.

మొదటిదానికి అద్దాల లైబ్రరీ.
రెండోదాని ఫీజు చూసి
అమ్మ చిల్లర లెక్కపెట్టడం ఆపేసింది.

పొద్దున ఫోన్ చేసి ఒకటే అడిగింది:
నాలాంటివాళ్లు ఎందరు చేరారు,
ఎందరు గట్టెక్కారు?
ఒకచోట చాలాసేపు సంగీతం వినిపించారు.
ఇంకోచోట, కనుక్కుని చెబుతామన్నారు.

మూడోచోట బొంగురుగొంతు ఆవిడ
"కెమిస్ట్రీలో నలభై ఒక్కరు.
పట్టా చేతికొచ్చింది ముప్పైముగ్గురికి" అని
ఊరుకోలేదు.
మిగతా ఎనిమిదిమంది సంగతీ చెప్పింది.
ఒకడు రాత్రి డ్యూటీ. ఒకతె, చంటిబిడ్డ.
ఇద్దరికి లెక్కలు.
ఒకడికైతే ఉత్త బస్సు చార్జీ.
"అప్పట్నుంచి పాసు మేమే ఇస్తున్నాం."

డ్రయ్యర్ ఆగింది.
దుప్పటి రెండో కొస అందిస్తూ అమ్మ
ఏదీ అడగలేదు.
"పద్నాలుగో నంబరు బస్సు" అంది యెసేనియా.