కొలతల బుక్కు

బోరబండ బస్టాపు ఎనుక ఆరడుగుల డబ్బా నాది.
ఒక మిషను, ఒక ఇస్త్రీపెట్టె, గోడకు సగం అద్దం.
లాంగుబుక్కుల అందరి కొలతలుంటయి:
ఛాతి, నడుము, దండ, మెడ లోతు.
చివరి పేజీ నాది.
పేరు రాయలే.

రెండువేల ఆరు: దండ పదకొండు, నడుము ఇరవైతొమ్మిది.
అప్పటికింక నాకేం తెల్వదు.
రెండువేల పది: దండ తొమ్మిది.
పాత గోలీలు మొఖంల కండ తిన్నయి,
డాట్ తప్పుపడ్డ జాకిట్ లెక్క
చెంపలు లోపలికి గుంజుకపోయినయి.
"టీబీయా బాలామణీ?" అన్నది చంద్రకళక్క.
అవునన్న.
ఆ అబద్ధం నాకు సరిగ్గ సరిపోయింది,
ఆల్ట్రేషనే పడలే.

ఎట్ల వచ్చిందని మాత్రం అడగకుండ్రి.
ఆ కుట్టు ఎన్నడో ఇప్పేసిన,
దారం గూడ పారేసిన.

ఇప్పుడు రాత్రికి ఒక్కటే గోలి.
వైరస్ రిపోర్టుల కనబడ్తలేదు.
కౌన్సిలర్ స్టెల్లా మేడం సంబురంగ చెయ్యి పట్టుకుంటది.
కానీ నడుము ముప్పై ఎనిమిది.
దండ అదే తొమ్మిది.
పరిగడుపున షుగరు నూటనలభైరెండు.
కొవ్వుల పేర్లకు నా నోరు తిరగదు,
అంకెలు మాత్రం మర్చిపోను.
చేతులు చిన్నపిల్లయి, పొట్ట మా అత్తది,
ఒక్క మనిషిల ఇద్దరికి
జాకిట్ కుడ్తున్నట్టుంటది.

రెండు బస్సులు మారి గాంధీకి పోత.
ఎర్రగడ్డ దగ్గరే, గాని ఆడ నా గిరాకి కనబడ్తరు.
మొన్న మెహజబీన్ అని ఒక పిల్ల
తన చదువుకోసం రక్తం అడిగింది, రెండు చిన్న సీసాలు.
కాయితం లైను లైను చదివి చెప్పి సంతకం పెట్టించుకుంది.
"ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఆంటీ" అన్నది.
"స్ట్రెస్సా? కరెంటు బిల్లు గురించా?" అన్న.
నవ్వింది.
తుప్పు అన్నది, కోసి పెట్టిన వంకాయ అన్నది.
తల ఊపిన గాని ఎక్కలే.
అటిటు చూసి, మెల్లగ,
"లోపల జత లేనియి ఉంటయి ఆంటీ,
జత కోసం ఏది దొరికితే దాన్ని గుంజుతయి."

అగో, గప్పుడు తెలిసింది.
కాజా లేని హుక్కు!
పట్టుచీర మడతల మర్చిపోయిన ఒక్క హుక్కు
ఎంత పని చేస్తదో నన్నడుగు.
ఒక పోగును పట్టుకుంటది,
ఆ పోగు ఇంకో పోగును లాగుతది,
తెల్లారి చూస్తే అంచంత జల్లెడ.

అందరి ఒంట్ల ఉంటయంట.
కాజాలు కుట్టే చేతులు గూడ ఉంటయంట లోపల.
నాకు హుక్కులెక్కువ, చేతులు తక్కువ.
రోగంది కొంత, గోలిది కొంత, నలభైయేడేండ్ల వయసుది కొంత.
ఎవరి వాటా ఎంతో
ఆ పిల్లకు గూడ ఇంక తెల్వదంట.
అట్ల ఒప్పుకున్నందుకే నచ్చింది నాకు.

"మరి గోలి మానాల్నా?"
పిల్ల మొఖం తెల్లబోయింది.
"అయ్యో వద్దాంటీ, అదే కదా మిమ్మల్ని..."
ఊకె అడిగిన బిడ్డా.
చంద్రకళక్క కొడుకు పెండ్లి నాడు
పదహారు జాకిట్లు కుడుతూ గూడ
తొమ్మిది కొడితే నీళ్ళగ్లాసు పట్టుకున్న మనిషిని.

తెల్లకోటు చెయ్యి పొడుగై
పిన్నీసుతో మడిచి పెట్టుకుంది.
ఇటియ్యమన్న.
మందుల లైనుల నా నెంబరు వచ్చెదాక
బెంచి మీద కూసోని అరచెయ్యెడు హెమ్మింగ్ చేసిన.
నా రక్తం ఆమె డబ్బాల, ఆమె కోటు నా ఒళ్ళ.
ఎవరం పైసలడగలే.

ఇయ్యాల నాకోసం బట్ట కత్తిరించిన,
నీలం రంగు, మీటరు.
గిరాకికి లోపల ఒక్క ఇంచే వదుల్త.
నాకు రెండు వదిలిన, అటు ఇప్పనీకె, ఇటు గుంజనీకె.
నడుస్తున్నగా పొద్దుగాల, అన్నం తగ్గించిన,
ఎటు పోతదో ఎవరికెరుక.

చివరి పేజీల తారీఖేసి
కొలతలు రాసిన.
పైన 'బా' అని రాసిన.
మిగతాది ఫిట్టింగ్ అయినంక.