పచ్చి కర్ర, ఎండు కర్ర

బోర్లా తిప్పితే గానీ
కుర్చీ నోరు విప్పదు.

వెర్మాంట్‌లో, పాలకొట్టం వెనక నా షెడ్డులో
ఈ విండ్సర్ కుర్చీని మోకాళ్ళ మధ్య తలకిందులుగా ఇరికించుకున్నాను.
తెచ్చినాయన వెండెల్ థ్రాషర్.
"ఒక కాలు కదులుతోంది లొరెట్టా, బిగించు.
రంగంతా గీకెయ్, లోపలి చెక్క మెరవాలి"
అని ట్రక్కు ఎక్కి వెళ్ళిపోయాడు.

గీకే ముందు చదవాలి కదా.

కూర్చునే పలక పైన్: మెత్తన, తొడలు ఎలా చెబితే అలా వింటుంది.
కాళ్ళు మేపుల్.
వీపు పుల్లలు హికరీ. వంగుతాయి గానీ విరగవు.
ఎంత వెతికినా ఒక్క మేకు లేదు.
అడ్డకర్ర కూసాన్ని వేడి ఇసుకలో గలగలా ఎండబెట్టి
మొన్న కొట్టిన చెట్టు కాలిలోకి,
ఇంకా నీరు ఆరని బెజ్జంలోకి దిగ్గొట్టాడు.
పచ్చిది ఆరింది. ఆరుతూ పట్టుకుంది.
రెండొందల ఇరవై ఏళ్ళు.

ఎవడో తెలీదు. సంతకం లేదు.
పలక అడుగున చిత్రిక చాళ్ళు మాత్రం
దుక్కి దున్నినట్టు అలాగే ఉన్నాయి.
కనబడని చోట నునుపు దండగ అనుకున్న మనిషి,
కూలి బహుశా రై గింజల్లో కొలిపించుకున్న మనిషి.
ఒక కాలి మీద తరిణె గీత వెంట్రుకవాసి జారింది.
పని మధ్యలో ఎవరో పిలిచి ఉంటారు.

చేతిమొన దగ్గర గోరంత మేర గీకాను.
తెలుపు, దాని కింద పసుపు,
తవిటి రంగు, నలుపు,
అన్నిటికన్నా అడుగున, కొత్తగా చేసిననాటి ఆకుపచ్చ.
ఆ ఆకుపచ్చలో
నాలుగు చిన్న గాట్లు.
పళ్ళు. పాలపళ్ళు.
దవడ దురద పెట్టి, కుర్చీ పట్టుకు నిలబడి,
ఎవరి బిడ్డో కసుక్కున కొరికింది.

గాట్ల గుంటల్లోకి నలుపు నిండి ఉంది.
ఎందుకు నలుపు వేశారో నేను అడగను.
అప్పట్లో ఆ రంగుకి గిరాకీ ఉందేమో.

శనివారం వెండెల్ వచ్చాడు.
మాట్లాడకుండా అతని బొటనవేలు పట్టుకుని
అక్కడ ఆనించాను.
తీస్తాడనుకున్నాను, తీయలేదు.
బయట ట్రక్కు ఇంజను ఆపకుండా వచ్చిన సంగతి మరిచిపోయాడు.

చాలాసేపటికి, "మరి కాలు?" అన్నాడు.
"బిగించాను. ఓక్ చీలిక ఒక్కటి పట్టింది."

పదకొండు డాలర్లు.
గీకనందుకు
ఏమీ తీసుకోలేదు.