యాభై ఏడు కిలోలు

రేపు గిండీలో డెర్బీ.
ఇవాళ శనివారం. స్టోన్‌హౌస్‌పేటలో మిల్లు కట్టేసి
కాటా మీద ఊక దులిపి
మద్రాసు బస్టాండు దాకా నడుస్తాను.
సోడాబంకు చెంచురామయ్య
వక్కపొడి పొట్లాల కిందనించి తీసిస్తాడు రేసు పుస్తకం,
పరీక్ష పేపరు బయటికొచ్చినట్టు.

ఎనిమిది పందేలు, తొంభైమూడు గుర్రాలు.
ఒక్కదాన్నీ కళ్ళతో చూళ్ళేదు నేను.
నాకు తెలిసింది తూకం.
బస్తా మీద చెయ్యేస్తే తేమెంతో చెబుతాను,
తరుగెంత తియ్యాలో,
ఏ రైతు కళ్ళంలో గాలి సరిగా పోయ్యలేదో.

హ్యాండికాప్ అన్నా అంతేగదా.
పోయిన నెల మూడు లెంగ్తుల తేడాతో గెలిచావా,
అయితే జీను సంచీలో సీసపు పలకలు,
ఈసారి నాలుగు కిలోలు ఎక్కువ మొయ్యి.
ఓడినదానికి కాస్త ఊపిరి.
గట్టివాడి వీపుమీదే బరువు.
ఈ న్యాయం నాకు పుస్తకంలోనే కనబడింది.
మా మిల్లులో హమాలీ చినమాలకొండయ్య
డెబ్బైఅయిదు కిలోల బస్తా మోస్తాడు.
ఒకరోజు నవ్వుకుంటా కాటా ఎక్కాడు:
నలభై ఎనిమిది.

రాత్రి తవుడు చీటీల వెనక పెన్సిలు పెట్టాను.
ఒకటో పందెం: ఏడో నంబరు.
కిందటిసారి రెయిలు పక్కన ఇరుక్కుపోయింది పాపం,
ఈసారి రెండున్నర కిలో తగ్గింది. టిక్కు.
రెండు: తడినేలంటే బెదిరే గుర్రం. ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. టిక్కు.
మూడు, నాలుగు వదిలేశాను.
తెలీనిచోట చెయ్యి దించుకోవడమే ఇందులో సగం విద్య.

అయిదు. డెర్బీ.
పన్నెండు గుర్రాలు, రెండువేల నాలుగొందల మీటర్లు.
బరువుల వరసలో వేలుపెట్టి కిందికి దిగాను:
యాభై ఏడు. యాభై ఏడు. యాభై ఏడు.
ఆడగుర్రాలకి మటుకు కిలోన్నర తగ్గింపు.
ఎవరి పాత గెలుపూ ఎవరి వీపుమీదా లేదు.
తక్కెడ సమంగా నిలబడితే
కాటా గుమాస్తాకి ఇంక పనేముంది?

పదింటికి ఖాదర్‌మస్తాన్ వచ్చాడు, ఆటో వీధిలో ఆపి.
నెల్లూరు స్టేషను ముందు ఆఖరి జట్కా వాళ్ళ తాతదే.
పేపర్లో అలికినట్టున్న ఫొటో మీద వేలు పెట్టాడు.
"లెక్కలు మూసెయ్ బా. దీని చెవులు జూడు.
ముందు బోయేదాని వైపే ఉండాయి.
ఇది ఎనకబడితే ఊరుకోదు."
"పేరేంది?"
"చదువుకున్నోడివి, నువ్వే జెప్పు."

మాన్సూన్ లెటర్. తొమ్మిదో నంబరు. ఆడగుర్రం.
నాలుగు పరుగుల్లో ఒక్కటి గెలిచింది.
పుస్తకం దానికి రాసింది నాలుగు మాటలే:
దూరం ఎక్కువైతే ఆశ తక్కువ.
"దీని తల్లి పద్నాలుగొందలు దాటి పరిగెత్తలేదు మస్తాన్."
"మా తాత గుర్రానికి తల్లెవరో తాతకే తెలవదు.
మైపాడు ఇసకలో ముగ్గుర్ని లాగేది."
జేబులోంచి ఇరవై నోటు తీసి మడత సరిచేసుకున్నాడు.

నేను పందెం కాయను.
చీటీలో రాసి, తారీఖు వేసి,
సోమవారం పేపరుతో సరిచూసుకుంటాను.
పదకొండేళ్ళ చీటీలు రేకుపెట్టెలో ఉన్నాయి.
లాభం మూడువేల నాలుగొందల ఆరు రూపాయలు,
అంతా కాగితం మీదే.
అయిదో పందెం ఎదురుగా ఖాళీ ఉంచి పడుకున్నాను.
నిద్రలో ఎవరివో చెవులు.

ఆదివారం.
తాళంచెవి నా దగ్గరే కాబట్టి మిల్లు తెరిచాను.
ఎలుకలు తప్ప ఎవరూ లేరు.
నాలుగూ పదికి అక్కడ గేట్లు తెరుచుకుంటాయి,
నూటెనభై కిలోమీటర్ల దక్షిణాన.
నాలుగూ అయిదుకి కాటా ఎక్కాను.
అరవై.
చెప్పులు విడిచాను, చొక్కాజేబులో తాళాలగుత్తి తీశాను.
యాభై తొమ్మిది.
ఇంకో రెండు కిలోలు ఎక్కడివో వెతుక్కుంటూ నిలబడ్డాను.

చీటీ మోకాలిమీద పెట్టుకుని, పెన్సిలు కాదు, పెన్నుతో
తొమ్మిది అని రాశాను.
వంగినందుకో ఏమో, ముల్లు వణకడం మొదలెట్టింది.
గోడమీద గడియారం నాలుగూ పది దాటినా
ఇంకా వణుకుతూనే ఉంది.